తొంభై సెంట్ల ఎరుపు

ఆ ఆదివారం క్లబ్బులో ఎవరూ ఎవరినీ దొంగ అనలేదు. ఆ మాట అనకుండానే పని కానిచ్చేశారు.

సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద గది అది. పొడుగాటి బల్ల, చుట్టూ ఒకదానితో ఒకటి జత కలవని కుర్చీలు, కిటికీ వైపు కూర్చున్నవాళ్లకే సరైన వెలుతురు. వారం వారం పొద్దున పదిమంది దాకా చేరతారు. బయట ఎవరి బతుకులు వాళ్లవి. మెట్లెక్కి ఆ గదిలోకి వచ్చాక మాత్రం అందరూ స్టాంపుల పిచ్చివాళ్లే. ఆ రోజు బల్ల మధ్యలో చేతివెడల్పు పుస్తకం ఒకటి తెరిచి ఉంది. అందులో ఒక గడిలో, ఎర్రగా ఉండాల్సిన స్టాంపు గోధుమ రంగులో కూర్చుని ఉంది.

పుస్తకం బట్టల కొట్టు పెద్దాయనది. క్లబ్బుకి అధ్యక్షుడూ ఆయనే. ఆయనకున్న పిచ్చి మామూలు పిచ్చి కాదు. పూర్వం అమెరికాలో ప్రభుత్వ శాఖలకు వేటి స్టాంపులు వాటికే ఉండేవి. నౌకా శాఖ ఉత్తరానికి నీలం, యుద్ధ శాఖకి గులాబీ, ఖజానాకి గోధుమ, వ్యవసాయానికి పసుపు, భూముల వ్యవహారాలు చూసే ఇంటీరియర్ శాఖకి సిందూరపు ఎరుపు, ఇలా ఏ శాఖ రంగు దానిది. పట్టుమని పన్నెండేళ్లయినా సాగలేదు ఆ ముచ్చట. తర్వాత అన్నీ రద్దయిపోయాయి. అందుకే ఇప్పుడు అవంటే అంత గిరాకీ. వాడని తొంభై సెంట్ల ఇంటీరియర్ ఎరుపు, వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉన్నది, ఈ ఊళ్లో రెండే ఉన్నాయి. ఒకటి పెద్దాయన దగ్గర. రెండోది కళ్లద్దాల కొట్టాయన దగ్గర.

ఆ కళ్లద్దాల కొట్టాయనే పార్లర్ అమ్మాయికి బాబాయి. నలభై దాటినా, బ్యూటీ పార్లర్ పెట్టి పదిహేనేళ్లయినా, క్లబ్బులో అందరికీ ఆమె పార్లర్ అమ్మాయే. చిన్నప్పుడు ఆమెకి పట్టకారుతో స్టాంపు పట్టుకోవడం నేర్పింది బాబాయే. క్లబ్బులో చేర్చిందీ ఆయనే. ప్యాకెట్టు కాపలా ఆమెకి ఇప్పించాలని అందరితో వాదించి నెగ్గిందీ ఆయనే.

ప్యాకెట్టు అంటే అట్టపెట్టె. సభ్యులు తాము అమ్మదలచిన స్టాంపులని, లేదా నలుగురూ చూసి ముచ్చటపడాలనుకున్న వాటిని, చిన్న పుస్తకాల గడుల్లో అమర్చి అందులో పెడతారు. పెట్టె ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని, ఖాళీ అయిన గడిలో తమ ముద్ర వేస్తారు. అంతా నమ్మకం మీద నడిచే వ్యవహారం కాబట్టి రెండు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ప్యాకెట్టు పుస్తకం తెరిచి ఉన్న బల్ల మీద సొంత ఆల్బం తెరవకూడదు. ఒకే అచ్చులో పుట్టిన స్టాంపులు కవల పిల్లల్లాంటివి, కలిసిపోతే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. రెండోది, పెట్టె అందుకున్నవాళ్లు తెచ్చినవాళ్ల ముందే గడి గడీ సరిచూసుకోవాలి.

ఈసారి పెట్టె ఇళ్లన్నీ తిరిగి చివరికి బాబాయి దగ్గరికి చేరింది. అక్కడి నుంచి ఆమెకి వచ్చింది. ఆమె దాన్ని పార్లర్ వెనక గదిలో బీరువాలో పెట్టింది. పెద్దాయన పుస్తకం వెనక్కి అడిగాడని శనివారం తీసి చూస్తే, నలుగురూ చూడాలని ఆయన పెట్టిన తొంభై సెంట్ల ఇంటీరియర్ గడిలో ఎర్రటిదానికి బదులు గోధుమ రంగుది ఉంది. ఉన్నమాట దాచకుండా ఆదివారం బల్ల మీద పెట్టింది.

పెద్దాయన కేకలు వేసే మనిషి కాదు. భూతద్దం పెట్టి చూశాడు, పుస్తకాన్ని పక్కవాళ్లకి జరిపాడు. తాను ఇచ్చినప్పుడు ఎర్రగా ఉందని అన్నాడు. మందుల కొట్టాయన తన దగ్గరున్నప్పుడూ ఎరుపే అన్నాడు. ఒక్కొక్కరూ తమ ఇంట్లో ఎరుపే చూశామన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే అందరూ చెప్పుకొచ్చారు. చెప్పవలసినవాళ్లు అయిపోయాక చూపులన్నీ వెళ్లి బాబాయి దగ్గర ఆగాయి.

బాబాయి పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"అమ్మడూ, పెట్టె నీకిచ్చిన రోజే సరిచూశావా? ఆ రోజు ఇది ఈ రంగులోనే ఉందా?"

ఆమె తల ఊపింది.

చూడలేదు. బాబాయి పెట్టె తెచ్చి ఇచ్చినప్పుడు, ఆయన ముందే కూర్చుని గడి గడీ లెక్క చూసుకోవడం ఆయన్ని అవమానించినట్టు అనిపించింది. చేయి పట్టి నేర్పినవాడిని తనిఖీ చేయడమేమిటి? "నువ్వు తెస్తే చూసేదేముంది బాబాయ్, తర్వాత చూసుకుంటాలే" అని నవ్వి, పెట్టెను అలాగే బీరువాలోకి తోసేసింది. ఆ తర్వాత శనివారం దాకా ముట్టుకోలేదు. కానీ ఇంతమందిలో కట్టుబాటు తప్పానని చెప్పాలంటే నోరు రాలేదు. ఆడమనిషికి కాపలా ఇస్తే ఇంతే అంటారని భయం. చూసినా చూడకపోయినా స్టాంపు ఒకటే కదా, ఇందులో మునిగిపోయేదేముంది అనుకుంది. తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది!

బాబాయి పుస్తకం తెచ్చి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"అయితే పొరపాటు నాదే అయ్యుండాలి," అన్నాడు. "నా దాన్ని దీని పక్కన పెట్టి చూశాను. చేయకూడని పని, తెలుసు. ఊళ్లో ఉన్నవి రెండే కదా, ఒక్కసారి రెండూ పక్కపక్కన చూసుకోవాలని ఆశ పుట్టింది. దీపం కింద రెండూ ఎర్రగానే కనిపించాయి నాకు. మరి అమ్మడు చూసేసరికే ఇది గోధుమగా ఉందంటే, ఆ రెండిట్లో ఒకటి అప్పటికే గోధుమ రంగన్నమాట. అది నాదే. నా కళ్లకి తెలియలేదు. పెద్దాయనగారిది నా ఆల్బంలో ఉండిపోయింది."

బాబాయి మెట్లు దిగి వెళ్లి, తన తొంభై సెంట్లది కాగితంలో పెట్టుకుని తిరిగొచ్చాడు. నిగనిగలాడుతున్న ఎరుపు. పెద్దాయన చూడగానే, "ఇదే నాది," అన్నాడు. "పొద్దున లేస్తే ఎరుపు తానులు అమ్ముకునేవాణ్ణి. వెయ్యింటిలో కలిపినా నా ఎరుపు నేను గుర్తుపడతాను." దాన్ని తన ఆల్బంలో పెట్టుకుని, గోధుమ రంగుది బాబాయి చేతికి ఇచ్చాడు. పెద్దవయసు, పోనీలెమ్మని ఎవరో అన్నారు. ఇంకెవరో గొంతు తగ్గించి, కళ్లద్దాలాయనకే కళ్లు కనిపించకపోవడమేమిటయ్యా అన్నారు. ఆ నవ్వు తగ్గించిన నవ్వే గాని, బాబాయి గుమ్మం దాటకముందే వినిపించింది.

ఆమె పెట్టెను మళ్లీ పార్లర్ బీరువాలో పెట్టి ఇంటికొచ్చింది.

సోమవారం నుంచి పార్లర్‌లో ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. నాట్యం నేర్పే బడిలో వార్షికోత్సవం అయిపోయింది గాని, ఆ పిల్లల ఉంగరాల జుట్టు చూసి ఇప్పుడు తల్లులు బయలుదేరారు. ఉంగరాలు తిప్పే పని ఓపికతో కూడుకున్నది. తల కడిగి, జుట్టుని పాయలు పాయలుగా విడదీసి, ఒక్కో పాయకీ కాగితం చుట్టి, పుల్ల చుట్టూ బిగించి, దానిమీద మందు వేయాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసన ఆ మందుది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. ఆమెకి అలవాటైపోయి ఎప్పుడో వాసన తెలియడం మానేసింది. మందు ముట్టుకునే ముందు వేలి వెండి ఉంగరం తీసి గల్లాపెట్టె దగ్గర పెడుతుంది. పెట్టకపోతే సాయంత్రానికి నల్లబడుతుంది. ఇది ఆ పని చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

బుధవారం మధ్యాహ్నం పిన్ని వచ్చింది, జుట్టుకి రంగు వేయించుకోవడానికి. మామూలుగా పిన్ని కుర్చీలో కూర్చుంటే పార్లర్ అంతా నవ్వులే. ఆ రోజు అద్దంలోకి కూడా చూడకుండా కూర్చుంది.

"మీ బాబాయి లెన్సులు అరగదీసే మిషన్‌కి గుడ్డ కప్పేశాడే," అంది మెడ చుట్టూ తువ్వాలు సర్దుకుంటూ.

ఆదివారం నుంచి ఒక్క కళ్లజోడు కూడా బిగించలేదట. వచ్చినవాళ్లని పక్క వీధి కొట్టుకి పంపిస్తున్నాడట. ఎరుపుకీ గోధుమకీ తేడా తెలియనివాడు ఇంకొకళ్ల కళ్లకి అద్దం ఎలా కొలుస్తాడు అంటున్నాడట. పొద్దున్నే లేచి గోడ మీది అక్షరాల అట్ట ముందు నిలబడి ఒక కన్ను మూసుకుని చదువుకుంటాడట. "ఇంతా చేసి ఆ అట్ట ఆయనకి కంఠతా వచ్చు. కళ్లు రెండూ మూసుకున్నా చదివేస్తాడు. అది గుర్తొచ్చి నిన్న నన్ను కూర్చోబెట్టి, నీకు తోచిన అక్షరాలు తోచినట్టు రాయవే అన్నాడు. నా చేతిరాత సంగతి నీకు తెలుసుగా. నేను రాసింది నేనే చదవలేను, ఇక ఆయనేం చదువుతాడు? తప్పు చదివి, చూశావా అని దిగులుగా కూర్చున్నాడు."

చెబుతూ చెబుతూ పిన్ని నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. ఆమె గిన్నెలో రంగు కలుపుతూ ఉండిపోయింది. తాను ఏం తప్పు చెప్పింది గనక, గోధుమగా ఉంటే గోధుమ అంది, అంతే కదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. రెండోసారి చెప్పుకుంటే అంత బాగా అతకలేదు.

రంగు చాలక ఇంకో గొట్టం కోసం వెనక గదిలోకి వెళ్లి బీరువా తెరిచింది. తలుపు లోపలివైపు, తన కంటికి ఎదురుగా ఉండాలని అతికించుకున్న స్టాంపు ఒకటుంది. మూడు సెంట్ల ఇంటీరియర్, ముద్ర పడ్డది, పెద్ద విలువ లేనిది. ఆమె ఎనిమిదో ఏట బాబాయి ఇచ్చిన మొదటి స్టాంపు. రోజూ ఉండేదాన్ని ఎవరు రోజూ చూస్తారు? ఆ రోజు చూసింది. అది గోధుమ రంగులో ఉంది.

ముందు తన కళ్లనే అనుమానించింది. తలుపు వెలుతురులోకి తిప్పి, "పిన్నీ, ఒకసారి ఇలా రా. ఇదేం రంగు?" అంది.

పిన్ని తలనిండా రంగుతో వచ్చి చూసి, "కాఫీ రంగు. ఎందుకూ?" అంది.

ఆమె బీరువా కింది అరలోకి వంగింది. ఉంగరాల మందు సీసాల్లో ఒకదాని మూత పగిలి ఉంది. అర అంతా తడి, కింద పరిచిన కాగితం ఎండి అట్టకట్టింది. ఎన్నాళ్ల నుంచి కారుతోందో ఏమో. పై అరలో, సరిగ్గా దాని నెత్తిన, ప్యాకెట్టు పెట్టె ఉంది. వెండిని నల్లబరిచే మందు ఎరుపుని ఊరికే వదులుతుందా? ఆమె ఒట్టి వేలు చూసుకుంది, గల్లాపెట్టె దగ్గరున్న ఉంగరం గుర్తొచ్చింది. ఉంగరాన్ని కాపాడుకోవడం తెలిసింది గాని, నలుగురూ నమ్మి అప్పగించిన పెట్టెను తీసుకొచ్చి ఆ మందు నెత్తినే పెట్టింది.

పెట్టె ఎర్రటి స్టాంపుతోనే వచ్చింది. తన బీరువాలో గోధుమగా మారింది. వచ్చిన రోజు ఒక్కసారి తెరిచి చూసి ఉంటే ఈ గొడవే లేదు. పోనీ చూడలేదని నిజం చెప్పి ఉన్నా లేదు.

పిన్ని తల కడిగి ఆరబెట్టి, పార్లర్ మూసి, పిన్నితోపాటే బయలుదేరింది. పోతూ పోతూ మూడు సెంట్లది ఊడదీసి కాగితంలో పెట్టుకుంది.

కళ్లద్దాల కొట్టు తెరిచే ఉంది. గాజు అలమరాల్లో ఫ్రేములు వరసగా ఉన్నాయి. మూలన మిషన్ మీద తెల్ల గుడ్డ. బాబాయి బల్ల దగ్గర కూర్చుని ఒక పాత ఫ్రేముకి మర బిగిస్తున్నాడు. ఆమె కూర్చోకుండా నిలబడే అంతా చెప్పింది. సీసా సంగతి, బీరువా సంగతి, చివరికి తల ఊపిన సంగతి. బాబాయి మర బిగించడం ఆపలేదు. స్టాంపు సంగతి విన్నప్పుడు మాత్రం మూడు సెంట్లది ఇటివ్వమని చెయ్యి చాపాడు.

"గంధకం," అన్నాడు దాన్ని చూస్తూ. "ఈ ఎరుపుకి గంధకం ఆవిరి పడదు. నేను ఆ రోజు అడిగింది అందుకే. నీ చేతికొచ్చాక మారిందేమోనని అనుమానం. నువ్వేమో పెట్టె వచ్చిన రోజే చూశానన్నావు. మా ఇంట్లో అలాంటి మందులేమీ లేవు. ఇక మిగిలింది నా కళ్లే కదా."

ఆయన ఆ రోజే సరైన దారిలో నడిచాడు. తను ఒక్క తల ఊపుతో ఆ దారి మూసేసింది.

బాబాయి మూడు సెంట్లది తిప్పి చూస్తూ, జుట్టు రంగు పోగొట్టడానికి మీ దగ్గర నీళ్లలాంటి మందు ఉంటుంది కదా, అది రాస్తే ఈ ఎరుపు తిరిగొస్తుందని పాత సభ్యులు చెప్పుకునేవారు, ఎప్పుడూ చేసి చూడలేదు అన్నాడు. పిన్నిని కొట్టులో ఉంచి ఆమె పరుగున వెళ్లి సీసా, కనుబొమలు దిద్దే సన్న బ్రష్ తెచ్చింది. మందుని నీళ్లతో పల్చన చేసింది. ముందు మూడు సెంట్లదాని మీద, అది కూడా సగమే రాసింది. ముగ్గురూ బల్ల మీదికి వంగారు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత అంచు నుంచి గోధుమ పల్చబడింది. మురికి గచ్చుని తడిగుడ్డతో తుడుచుకుంటూ వస్తే అసలు రంగు బయటపడ్డట్టు, ఎరుపు మెల్లగా పైకి తేలింది. సగం కాఫీ, సగం సిందూరం.

తొంభై సెంట్లదానికి బ్రష్ బాబాయే పట్టుకున్నాడు. వెనక జిగురుకి తడి తగలకుండా, ముఖం మీద మాత్రమే, లెన్సు అంచు తుడిచినంత జాగ్రత్తగా అద్దాడు. ఎరుపు వచ్చేసింది. ఆయన బ్రష్ కింద పెట్టి, దీపం వేసి చూశాడు. దీపం ఆర్పి గుమ్మం వెలుతురులో చూశాడు.

"అయితే నా కళ్లు బాగానే ఉన్నాయి," అన్నాడు.

స్టూలు మీద కూర్చుని మళ్లీ అదే మాట అన్నాడు. పిన్ని మిషన్ మీది గుడ్డ లాగి మడతపెట్టింది. ఆమె ఏడుపు ఆపుకోలేక కౌంటర్ మీద తల వాల్చేసింది. బాబాయి ఆమెను ఓదార్చలేదు, కోప్పడనూ లేదు.

"తల ఊపావే అమ్మడూ," అన్నాడు, అంతే.

ఆ మాట కన్నా రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

వెళ్లేముందు ఆయనే అన్నాడు, ఇక దీన్ని సాగదీయొద్దని. కాపలా నీకిప్పించడానికి ఎంతమందితో మాటపడ్డానో నీకు తెలుసు, ఇప్పుడు చెబితే ఆ పెట్టె నీ దగ్గర ఉండదు, నా కళ్లు నాకొచ్చాయి, స్టాంపు ఎవరిదైతేనేం, ఎర్రగా ఒకటి నా దగ్గరుంది, వదిలెయ్ అన్నాడు. పిన్ని మాత్రం ఒప్పుకోలేదు. "వదిలెయ్యడానికి పేరేమన్నా పాత చెప్పా? మీరు ఇంట్లో కూర్చుంటారు. కూరగాయల కొట్టు దగ్గర నిలబడి మాటలు పడేది నేను," అని మూతి తిప్పింది.

నిజం చెప్పాలంటే బాబాయి ఆ మాట అన్నాక ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పెద్దవాడు, నష్టపోయినవాడు, ఆయనే వద్దంటున్నాడు. తనదేం పోయింది? గురువారం, శుక్రవారం అలాగే గడిచాయి. పగిలిన సీసా పారేసింది, బీరువా కడిగింది, పెట్టెను ముందుగదిలోకి మార్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో బీరువా కడుగుతున్నంతసేపూ తెలిసింది.

శనివారం మందుల కొట్టాయన పార్లర్ గుమ్మం దగ్గరికొచ్చాడు. ఆడవాళ్లున్నారని లోపలికి రాకుండా బయటే నిలబడి, తన కొత్త పుస్తకం ప్యాకెట్టులో పెట్టమని అందించాడు. ఈసారి పెట్టె కళ్లద్దాలాయన ఇంటికి పంపొద్దని నలుగురూ అనుకున్నారని చెప్పాడు. మనసులో ఏదీ పెట్టుకోకమ్మా, సొంత బాబాయైనా ఉన్నది ఉన్నట్టు చెప్పావు, నీలాంటి మనిషి కాపలా ఉండబట్టి సరిపోయింది అని మెచ్చుకున్నాడు. వెళుతూ వెళుతూ, "పొరపాటు అంటున్నాడు గాని, ఎంతవరకు పొరపాటో ఎవరికి తెలుసులే," అన్నాడు.

ఆమె పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. లోపల కుర్చీలో ఎవరో, తలకి పుల్లలు బిగుసుకుపోతున్నాయమ్మా అని పిలుస్తున్నారు. వెళ్లి ఒక్కో పుల్లా విప్పింది. ఆ మెచ్చుకోలు ఒంటికి అంటుకున్న మందులా ఎన్నిసార్లు చెయ్యి కడిగినా పోలేదు.

ఆదివారం అందరికన్నా ముందే క్లబ్బుకి వెళ్లింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పెట్టె, చిన్న సీసా, గాజు గిన్నె, బ్రష్ బల్ల మీద పెట్టుకుంది. సభ్యులు ఒక్కొక్కరే వచ్చి, పార్లర్ ఇక్కడికే వచ్చిందేమిటని పరాచికాలాడారు. బాబాయి రాలేదు. పెద్దాయన తన ఆల్బం తెచ్చుకుని కూర్చున్నాక ఆమె లేచి నిలబడింది.

"పోయినవారం నేను అబద్ధం ఆడాను. పెట్టె వచ్చిన రోజు నేను తెరిచి చూడలేదు. స్టాంపు రంగు మారింది మా బాబాయి ఇంట్లో కాదు, నా బీరువాలో."

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఆ రోజు తల ఊపావు కదమ్మా?"

"ఊపాను. సిగ్గేసి ఊపాను."

ఆ తర్వాత సీసా సంగతి చెప్పింది. సగం గోధుమ, సగం ఎరుపు ఉన్న మూడు సెంట్లది గాజు గిన్నెలో పెట్టి, మిగిలిన సగానికి మందు అద్దింది. కుర్చీలు జరిగిన చప్పుడు. అందరి తలలూ గిన్నె మీదికి వంగాయి, వెలుతురుకి అడ్డం వస్తున్నారని ఒకళ్లనొకళ్లు కసురుకున్నారు. వాళ్ల కళ్ల ముందే గోధుమ కరిగి ఎరుపు వచ్చింది. మందుల కొట్టాయన ఆమె వైపు చూడకుండా తన పుస్తకం వెనక్కి తీసుకుని, ఏమనుకున్నాడో, మళ్లీ పెట్టెలోనే పెట్టాడు.

అప్పటికే పెద్దాయన తన ఆల్బం తెరిచి చూస్తున్నాడు. తొంభై సెంట్ల ఎరుపు నిగనిగలాడుతూ ఉంది.

"అయితే ఇది ఆయనది," అన్నాడు. "వెయ్యింటిలో కలిపినా గుర్తుపడతానన్నాను కదూ!"

ఎవరూ నవ్వలేదు. ఆయనే కాస్త నవ్వబోయి మానేశాడు.

కట్టుబాటు కట్టుబాటే. కాపలా ఆమె దగ్గర ఉండడానికి వీల్లేదన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు, ఆమె అడ్డం చెప్పలేదు. మరి పెట్టె ఎవరింట్లో పెట్టాలి అన్న మాట వచ్చింది. మందులు, మసాలాలు, పొగ లేని చోటు కావాలి, గాజు అలమరా ఉంటే మంచిది అని పెద్దాయన బల్ల మీద వేలితో తడుతూ అన్నాడు. ఊళ్లో అలాంటి కొట్టు ఒక్కటే అని అందరికీ తెలుసు. ఆ పేరు పలకడానికే కాస్త సేపు పట్టింది. చివరికి పెద్దాయనే పలికి, ఆల్బం చంకలో పెట్టుకుని లేచాడు.

పెట్టె పట్టుకుని ఆమె ఆయన వెంట నడిచింది. కళ్లద్దాల కొట్టు గుమ్మంలో ఆయన ఆగి, ముందు నువ్వు వెళ్లమ్మా అన్నాడు. బాబాయి మిషన్ దగ్గర ఉన్నాడు. చక్రం తిరుగుతోంది, లెన్సు మీద నీళ్లు చిమ్ముతున్నాయి. వచ్చినవాళ్లని చూసి కూడా ఆ అంచు పూర్తయ్యేదాకా ఆపలేదు. తర్వాత చేతులు తుడుచుకుని, కుర్చీ లాగాడు. పిన్ని లోపలి గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది, రమ్మనీ అనలేదు, కూర్చోమనీ అనలేదు.

పెద్దాయన ఆల్బంలోంచి స్టాంపు తీసి కౌంటర్ మీద పెట్టాడు. "మీది. తొందరపడి నాదన్నాను, క్షమించాలి," అన్నాడు. బాబాయి సొరుగులోంచి తన దగ్గరున్నది తీసి దాని పక్కన పెట్టాడు. చేయకూడని పని ఇద్దరూ కలిసి చేసేశారు. రెండు ఎరుపులూ పక్కపక్కన ఉన్నాయి. పెద్దాయన భూతద్దంతో దీన్నీ దాన్నీ చూశాడు, అంచు పళ్లు లెక్కపెట్టాడు, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. ఇటు తిప్పి అటు మార్చి పెట్టేసరికి ఏది ఏ చేతిలోంచి వచ్చిందో ఆయనకే గుర్తులేకపోయింది.

"మీరు చెప్పండి," అన్నాడు.

"నాకూ తెలియదు," అన్నాడు బాబాయి. "ఏదో ఒకటి తీసుకోండి. ఈ రంగు కోసమే కదా మనిద్దరం ఇన్నేళ్లు కొట్టుకుంటున్నది."

పెద్దాయన తన చేతికి దగ్గరగా ఉన్నది తీసుకున్నాడు. వెళ్లేముందు తన కళ్లజోడు తీసి, ఎప్పటి నుంచో వదులుగా ఉందని చెప్పి బాబాయికి ఇచ్చాడు. మర బిగించి ఇస్తే పెట్టుకుని, ఒకసారి వీధి అటూ ఇటూ చూసి వెళ్లిపోయాడు.

పెట్టె కౌంటర్ మీద ఉండిపోయింది. ఆమె దాన్ని బాబాయి వైపు జరిపి, చీర చెంగుతో ముఖం తుడుచుకుని, వస్తాను బాబాయ్ అంది. ఆయన ముందు ఎక్కువసేపు నిలబడే ధైర్యం లేదు. గుమ్మం దాకా వెళ్లింది.

"ఎక్కడికి? కూర్చో," అన్నాడు బాబాయి. "నీ ముందే సరిచూడాలి."

ఆమె వెనక్కి తిరిగింది. ఆయన ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. పట్టకారు తుడిచాడు, దీపం దగ్గరికి లాక్కున్నాడు. పెట్టె నిండా పుస్తకాలు, ఒక్కో పుస్తకంలో బోలెడు గడులు. సాయంత్రం దాకా పడుతుంది. నువ్వు తెస్తే చూసేదేముందని ఆయన అంటాడేమోనని మనసులో ఏ మూలో ఆశ ఉన్నట్టు ఆమెకి అప్పుడే తెలిసింది. అనలేదు. అనకపోవడమే మేలైంది. ఆమె స్టూలు మీద కూర్చుంది. ఆ వారం మొత్తంలో మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది.

పిన్ని వచ్చి ఇద్దరికీ మంచినీళ్లు పెట్టి వెళ్లింది. బాబాయి మొదటి పుస్తకం తెరిచి, మొదటి గడి మీద పట్టకారు ఆనించి, "నౌకా శాఖ, నీలం," అన్నాడు.

"నీలం," అంది ఆమె.